ఒక్క వాక్యపు రాజు: విసిగోత్ బాలుడు రెండవ రెక్కారెడ్ పాలన గురించి రాయడం ఎలా?

క్రీ.శ. 621లో, టోలెడో రాజధానిగా నేటి స్పెయిన్‌ను ఏలుతున్న విసిగోత్ (గోత్ అనే జర్మానిక్ జాతిలో ఒక శాఖ) రాజ్యంలో సిసెబుట్ అనే రాజు మరణించాడు. అతని పసికొడుకు రెక్కారెడ్ గద్దెకు వచ్చాడు. కొద్ది రోజులకే ఆ బిడ్డ కూడా కన్నుమూశాడు. ఈ సంగతిని ఆ కాలంలోనే బతికి ఉండి కథనంగా రాసిపెట్టిన వాడు సెవిల్లె నగర బిషప్ ఇసిడోర్; ఆయన రాసింది ఒక్క వాక్యం. ఇలాంటి రాజు గురించి వ్యాసం రాయబూనినవారు సాధారణంగా రెండు తప్పుదారుల్లో ఏదో ఒకటి పడతారు. కొందరు కొడుకు పేరు శీర్షికలో పెట్టి వ్యాసమంతా తండ్రి ఘనతతో నింపుతారు. మరికొందరు కుట్ర, విషం, సేనాని దురాశ అంటూ ఉన్న ఖాళీలన్నిటినీ ఊహతో పూడ్చేస్తారు. మొదటిది బద్ధకం, రెండవది నాటకరచన.

వీటికి భిన్నమైన మూడో పద్ధతిని ఇక్కడ వివరిస్తాను. బిడ్డ గురించి ఆధారం అనుమతించినంత మేరకే, అంటే చాలా కొద్దిగా రాయాలి. అతను గద్దెనెక్కడానికీ, అతని పేరు అంత త్వరగా చెరిగిపోవడానికీ నేపథ్యమైన వారసత్వ పరిస్థితి గురించి మాత్రం వివరంగా రాయాలి. ఆ పరిస్థితికి ఆధారాలు కావలసినన్ని ఉన్నాయి.

మొదట ఆ వాక్యాన్ని విడదీసి చదవండి

రాయడానికి కూర్చునే ముందు ఇసిడోర్ ఎవరో, ఎప్పుడు రాశాడో తెలుసుకోవాలి. ఆయన సుమారు 600వ సంవత్సరం నుంచి 636లో మరణించేదాకా సెవిల్లె బిషప్‌గా ఉన్నాడు. సిసెబుట్‌తో ఆయనకు నేరుగా పరిచయం ఉంది. ప్రకృతి విషయాలపై తాను రాసిన గ్రంథాన్ని ఆ రాజుకే అంకితమిచ్చాడు. ఆయన రాసిన గోతుల (గోత్ జాతివారి) చరిత్ర మనకు రెండు పాఠాలుగా, అంటే రెండు రూపాలుగా దొరుకుతుంది: చిన్న పాఠం సిసెబుట్ మరణంతో ఆగిపోతుంది, పెద్ద పాఠం తరువాతి రాజు స్వింతిలా పాలనలో ఐదో ఏటిదాకా, అంటే దాదాపు 625 వరకు నడుస్తుంది. అంటే ఈయన సంఘటనలకు సమీపంలో ఉన్న సాక్షి, పైగా రాజాస్థానంతో సంబంధాలు ఉన్న సాక్షి. ఈ రెండో లక్షణం వల్ల లాభమూ ఉంది, చిక్కూ ఉంది.

ఆయన చెప్పినదాని సారాంశం ఇది. సిసెబుట్ చావుకు కారణం వ్యాధి అని కొందరు, మందు మోతాదు మించి తాగడమని కొందరు, విషమని మరికొందరు అంటారు. అతను రెక్కారెడ్ అనే చిన్న కొడుకును విడిచి వెళ్లాడు. ఆ బిడ్డ తండ్రి మరణం తరువాత కొద్ది రోజులు మాత్రమే రాజుగా లెక్కకు వచ్చాడు, మృత్యువు అడ్డుపడింది. అంతే. ఇందులో ఏ మాట ఎవరి గురించి చెప్పినదో కాగితం మీద విడివిడిగా రాసుకోండి. అలా రాసుకోగానే, ఈ అంశంపై వచ్చే రచనల్లో తరచుగా కనిపించే ఒక పొరపాటు బయటపడుతుంది: వ్యాధి, మందు, విషం అనే మూడు అభిప్రాయాలూ తండ్రి మరణానికి సంబంధించినవి. కొడుకు మరణానికి ఇసిడోర్ ఏ కారణమూ చెప్పలేదు, ఎవరినీ వేలెత్తి చూపలేదు. తండ్రి కథలోని విషాన్ని తీసి కొడుకు గిన్నెలో పోయడం ఎంత తేలికో, ఆధారాన్ని వక్రీకరించడంలో అది అంత పెద్ద నేరం.

మరి ఇసిడోర్ మౌనాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఇక్కడ కాస్త ఆగి ఆలోచించవలసి ఉంది. పెద్ద పాఠం స్వింతిలా పాలిస్తుండగా రాసినది. బాలుడి మరణం వల్ల అందరికంటె ఎక్కువగా లాభపడింది స్వింతిలాయే కాబట్టి, రాయలేని సంగతి ఏదో ఉండి ఇసిడోర్ దాటవేశాడని అనుమానించడం సహజమే. అయితే ఇదే ఇసిడోర్, 603లో విట్టెరిక్ అనేవాడు యువకుడైన రాజు రెండవ లియువాను గద్దె దించి, కుడిచేయి నరికించి చంపించిన వైనాన్ని దాపరికం లేకుండా రాశాడు. లియువా నిర్దోషి అని కూడా అన్నాడు. కానీ ఆ మాటలు రాసేనాటికి విట్టెరిక్ 610లో విందులో హత్యకు గురై చాలా ఏళ్లయింది. చచ్చినవాణ్ణి నిందించడానికి ధైర్యం అక్కర్లేదు. కనుక మౌనం హత్యకు రుజువు కాదు, సహజ మరణానికీ రుజువు కాదు. ఏడో శతాబ్దంలో పసిపిల్లలు జబ్బుతో చనిపోవడం అసాధారణమేమీ కాదన్న మాట కూడా పక్కనే ఉంచండి. వ్యాసంలో రాయవలసింది ‘మరణ కారణం ఇసిడోర్ చెప్పలేదు’ అని ఒక్క ముక్క. ‘అనుమానాస్పద మరణం’ అని రాస్తే, అనుమానించినది ఎవరో కూడా చెప్పవలసి వస్తుంది.

వయస్సు, తేదీ, వరుస సంఖ్య

బాలుడి వయస్సు అంకెల్లో రాయకండి. ఇసిడోర్ వయస్సు చెప్పదలచుకుంటే చెప్పగలడు; లియువా చనిపోయేనాటికి ఇరవయ్యో ఏట ఉన్నాడని, అది పాలనలో రెండో ఏడని ఆయనే లెక్క ఇచ్చాడు. రెక్కారెడ్ విషయంలో మాత్రం చిన్నవాడు, పసివాడు అనే అర్థమిచ్చే మాటతో సరిపెట్టాడు. ఈ తేడాను వాడుకోవచ్చు: లియువాను యువకుడని, రెక్కారెడ్‌ను బాలుడని వేరు చేసి రాయడానికి ఆధారం ఉంది, ‘ఐదేళ్ల రాజు’ అనో ‘పదేళ్ల రాజు’ అనో రాయడానికి లేదు. తల్లి పేరు కూడా ఆ వాక్యంలో లేదు. అందువల్ల రాజమాత సంరక్షకురాలిగా పాలించిందని కథ అల్లకూడదు.

కుటుంబం గురించి రాయదలచినవారికి ఒక ఆసక్తికరమైన లేఖ దొరుకుతుంది. సిసెబుట్ రాసిన ఉత్తరాలు కొన్ని నిలిచి ఉన్నాయి. వాటిలో ఒకటి, సన్న్యాసం స్వీకరించి మఠంలో చేరిన థ్యూడిలా అనే వ్యక్తికి రాసినది. అందులో ఆ వ్యక్తిని కొడుకుగా సంబోధించడం వల్ల అతను రాజుగారి సొంత కుమారుడేనని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. అదే నిజమైతే లోకవ్యవహారాలు వదిలి వెళ్లిన కొడుకు ఒకడు, పసివాడు ఒకడు అని కుటుంబ చిత్రం కొంచెం స్పష్టమవుతుంది. అయినా ఈ సంగతిని ‘భావిస్తారు’ అనే క్రియతోనే రాయాలి. మతపరమైన ఉత్తరాల్లో కొడుకు అనే పిలుపు రక్తసంబంధాన్నే చెప్పాలని లేదు.

తేదీల విషయానికి వస్తే, స్పెయిన్‌లోని పాత రచయితలు వాడింది క్రీస్తుశకం కాదు. వారి స్పానిష్ శకం క్రీస్తుపూర్వం 38 నుంచి లెక్కలోకి వస్తుంది. ఆ శకసంఖ్య నుంచి 38 తీసివేస్తే క్రీ.శ. సంవత్సరం వస్తుంది. సిసెబుట్ రాజైనది శకం 650 అని ఇసిడోర్ రాశాడు, అంటే 612. స్వింతిలా రాజదండం అందుకున్నది శకం 659, అంటే 621. బాలుడి పాలన ఈ రెండో సంఖ్య దరిదాపుల్లో ఇమిడిపోవాలి. విసిగోత్ రాజుల పాలనాకాలాలను ఏళ్లు, నెలలు, రోజులుగా లెక్కగట్టిన రాజావళి పట్టికలు కూడా ఉన్నాయి, వాటిని తప్పక చూడాలి. అయితే ఆ పట్టికలు శతాబ్దాల పాటు చేతిరాతతో నకలు చేయబడినవి. రోమన్ అంకెల్లో ఒక గీత ఎక్కువైనా తక్కువైనా పాలన పొడవు మారిపోతుంది. అందువల్ల ఒక ప్రతిలో కనిపించిన అంకెను పట్టుకుని ఫలానా నెల ఫలానా తేదీ అని తేల్చేయకుండా, ‘621లో, కొద్ది రోజులు’ అని రాయడం క్షేమం. సమాచార పట్టికలో ఖాళీ గడి కనబడగానే దాన్ని నింపాలన్న తహతహ ఎవరికైనా కలుగుతుంది. ఈ రాజు విషయంలో ఆ తహతహను అణచుకోవడమే విద్వత్తు.

‘రెండవ’ అనే విశేషణం గురించి ఒక మాట. అది తరువాతి చరిత్రకారులు పాఠకుల సౌకర్యం కోసం చేర్చిన సంఖ్య. 586 నుంచి 601 వరకు పాలించి, 589లో జరిగిన మూడవ టోలెడో మతసభలో గోతులను ఏరియన్ అనే వేరే క్రైస్తవ శాఖ నుంచి కాథలిక్ మతంలోకి నడిపించిన ప్రసిద్ధుడు మొదటి రెక్కారెడ్. అంత గౌరవం ఉన్న పేరును సిసెబుట్ తన బిడ్డకు పెట్టుకోవడంలో కొంత ఆశ కనిపిస్తుంది గాని, ఇద్దరి మధ్య రక్తసంబంధం ఉన్నట్టు పేరు ఒక్కదాన్ని బట్టి రాయకూడదు.

వ్యాసానికి వెన్నెముక: పసివాడు గోతుల రాజు కాగలడా?

ఇక అసలు విషయం. పాఠకుడికి ఈ వ్యాసం వల్ల కలిగే ప్రయోజనమంతా ఈ ప్రశ్నలోనే ఉంది, కనుక ఎక్కువ పుటలు దీనికే కేటాయించండి.

విసిగోతుల్లో బాల్తి వంశం అనే పాత రాజకుటుంబం ఒకటి ఉండేది. 507లో వూయే యుద్ధంలో రెండవ అలారిక్ ఫ్రాంకుల (నేటి ఫ్రాన్స్ ప్రాంతపు పొరుగు జాతి) చేతిలో మరణించినప్పుడు అతని కుమారుడు అమలారిక్ చిన్నపిల్లవాడు. గోతులు అప్పుడు ఆ పిల్లవాణ్ణి కాదని, అలారిక్‌కు మరొక స్త్రీ వల్ల పుట్టిన పెద్దకొడుకు గెసాలిక్‌ను రాజుగా ఎన్నుకున్నారు. అమలారిక్ హక్కు బతికి బట్టకట్టింది అతని తాత వల్ల. ఆ తాత ఇటలీని ఏలుతున్న ఆస్ట్రోగోత్ (గోతుల్లో మరో శాఖ) రాజు థియోడొరిక్. సైన్యం పంపి గెసాలిక్‌ను తరిమివేసి, 526లో తాను మరణించేదాకా స్పెయిన్ వ్యవహారాలను థియోడొరిక్ తన చేతిలోనే ఉంచుకున్నాడు. అంటే బాలరాజును నిలబెట్టినది గోతుల ఆచారం కాదు, పొరుగున ఉన్న బలవంతుడి సైన్యం. 531లో అమలారిక్ కూడా హతుడు కావడంతో ఆ వంశం ముగిసింది. రెక్కారెడ్ గురించి రాసేవారు అతనికి థియోడొరిక్ వంటి తాత ఎవరూ లేడని ఇక్కడ గుర్తుచేస్తే పాఠకుడికి తేడా వెంటనే అర్థమవుతుంది.

బాల్తి వంశం పోయాక గద్దె ఎవరు పట్టుకోగలిగితే వారిదైంది. కుదరని రాజును కత్తితో తొలగించి తమకు నచ్చినవాణ్ణి నిలబెట్టుకోవడం గోతులకు అలవాటైపోయిందని టూర్స్ నగర బిషప్ గ్రెగొరీ ఆరో శతాబ్దంలోనే ఈసడించాడు. ఏడో శతాబ్దపు ఫ్రాంకిష్ వృత్తాంతం, ఫ్రెడెగర్ పేరుతో చలామణి అయ్యేది, దీన్ని గోతుల జబ్బు అని పిలిచింది. ఈ రెండూ పొరుగు రాజ్యంవారి మాటలని, పొరుగువారికి ఎకసెక్కం సహజమని మరువకండి. ఫ్రాంకుల రాజవంశంలో జరిగిన హత్యలు తక్కువేమీ కావు. తేడా ఏమిటంటే ఫ్రాంకులు చంపుకున్నది ఎక్కువగా ఒకే వంశంలోని వారిని. రాజ్యం మాత్రం ఆ వంశం దాటలేదు. అందుకే 584లో తండ్రి మొదటి చిల్పెరిక్ హత్యకు గురైనప్పుడు నెలల పసికందుగా ఉన్న రెండవ క్లోటార్ రాజుగా నిలదొక్కుకుని, 613 నాటికి ఫ్రాంకుల రాజ్యమంతటినీ ఒక్కటి చేసి, 629 దాకా బతికాడు. అదే వయసు బిడ్డ టోలెడోలో ఉండి ఉంటే అలా జరిగేదా అన్న ప్రశ్న వేసి ఊరుకోండి. జవాబు పాఠకుడే చెప్పుకుంటాడు.

గోతుల రాజులు ఈ లోపాన్ని ఎరగనివారు కారు. కొడుక్కి గద్దె దక్కించే దారి ఒకటి వారికి తెలుసు: తాను బతికి ఉండగానే కొడుకును సహపాలకుడిగా ప్రకటించి, ప్రభువర్గాన్నీ సైన్యాన్నీ అతనికి అలవాటు చేయడం. లియోవిగిల్డ్ 573లో తన కుమారులు హెర్మెనెగిల్డ్, రెక్కారెడ్‌లను అలా పాలనలో భాగస్వాములను చేశాడు; వారిలో పెద్దవాడు తరువాత తిరుగుబాటు చేసినా, రెండోవాడు 586లో చిక్కు లేకుండా రాజయ్యాడు. స్వింతిలా కూడా తన కొడుకు రిక్కిమిర్‌ను సహపాలకుడిగా చేసుకున్నాడు. 649లో ముదుసలి కిందస్వింత్ తన కొడుకు రెకెస్వింత్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు, ఆ ఏర్పాటు ఫలించింది. సిసెబుట్ తన బిడ్డ విషయంలో ఇలా చేశాడని ఇసిడోర్ ఎక్కడా చెప్పలేదు. తండ్రి చావు అకస్మాత్తుగా వచ్చిందనుకుంటే, ఆ పని చేయడానికి అతనికి వ్యవధి చిక్కకపోయి ఉండవచ్చు. ఇది నా ఊహ, వ్యాసంలో వాడుకుంటే ఊహగానే వాడండి.

అదే సమయంలో మరొక సంగతి గమనించాలి: ఎంత కొద్ది రోజులైనా ఆ బిడ్డ రాజుగా లెక్కకు వచ్చాడు. ఎన్నిక నియమమే సర్వస్వమై ఉంటే పసివాడి పేరు రాజుల వరుసలో ఉండేదే కాదు. కొడుకుకు గద్దె చెందాలన్న భావన, బలవంతుడే ఏలాలన్న భావన, ఈ రెండూ పక్కపక్కనే బతుకుతూ ఒకదాన్నొకటి ఓడిస్తూ వచ్చాయి. నా దృష్టిలో ఈ చిన్న పాలన చూపే అతి విలువైన సంగతి ఇదే. తండ్రి నుంచి కొడుకుకు రాజ్యం చేతులు మారడం ఆ రోజుల్లో ఊహించరానిదేమీ కాదు, దాన్ని నిలబెట్టుకోవడమే కష్టం. లియువా, రెక్కారెడ్, ఆ తరువాత తుల్గా, ముగ్గురూ తండ్రి గద్దెను కూర్చోవడానికి అందుకున్నవారే. ముగ్గురిలో ఎవరికీ మూడేళ్లు మించి అది దక్కలేదు.

తుల్గా ఉదాహరణను వివరంగా చెప్పడం మంచిది, ఎందుకంటే అతని గతి చదివితే రెక్కారెడ్ బతికి ఉంటే ఏం జరిగి ఉండేదో కొంత అంచనాకు వస్తుంది. కింతిలా రాజు కొడుకైన తుల్గా వయసులో చిన్నవాడు. 642లో కిందస్వింత్ అతణ్ణి పడదోసి, చంపకుండా, శిరోముండనం చేయించి మతజీవితంలోకి పంపాడని ఫ్రెడెగర్ వృత్తాంతం చెబుతుంది. అంతకు ముందు 638లో జరిగిన ఆరవ టోలెడో మతసభ, శిరోముండనం జరిగినవాడు రాజు కాకూడదని తీర్మానించి ఉంది. అందుచేత తల గొరిగించడం ప్రాణం తీయకుండానే రాజకీయంగా చంపే ఉపాయమైంది. గద్దె దిగిన కుర్రవాణ్ణి చంపనవసరం లేని దారి 642 నాటికి అలా ఏర్పడి ఉంది. 603లో లియువాకు ఆ అదృష్టం లేకపోయింది.

స్వింతిలాను ప్రతినాయకుడిగా మార్చకండి

బాలుడి తరువాత వచ్చిన స్వింతిలా సిసెబుట్ కింద సేనానిగా పనిచేసి, ఉత్తరాన రుక్కోనులు అనే కొండజాతివారిని ఓడించినవాడు. రాజయ్యాక, స్పెయిన్ దక్షిణ తీరంలో బైజాంటైన్ (తూర్పు రోమన్) సామ్రాజ్యానికి మిగిలి ఉన్న చివరి కోటలను దాదాపు 625 నాటికి స్వాధీనం చేసుకున్నాడు. జలసంధికి ఇవతల ఉన్న స్పెయిన్ అంతటినీ ఏలిన మొదటి రాజు ఇతనేనని ఇసిడోర్ పొగిడాడు, పేదల తండ్రి అని కూడా కీర్తించాడు. 631లో సిసెనాండ్ అనే ప్రభువు ఫ్రాంకుల రాజు డాగొబెర్ట్ సాయంతో ఇతణ్ణి దించేశాడు. 633లో అదే ఇసిడోర్ అధ్యక్షత వహించిన నాలుగవ టోలెడో మతసభ, స్వింతిలా తన నేరాలకు జడిసి తానే రాజ్యం వదులుకున్నాడని, దీనుల సొత్తు పీల్చుకున్నాడని తీర్మానంలో రాసింది. పేదల తండ్రి ఎనిమిదేళ్లలో పేదలను దోచినవాడైపోయాడు.

ఈ సంగతిని వ్యాసంలో ఎందుకు చేర్చాలంటే, మనకున్న ముఖ్య సాక్షి అధికారం ఎటు తిరిగితే అటు మాట తిప్పగలవాడని పాఠకుడికి తెలియాలి. అంతమాత్రాన, చెడ్డవాడని తేలిన స్వింతిలాయే బిడ్డను చంపించి ఉంటాడని వెనక్కి నడిచి ముడిపెట్టకూడదు. 633 నాటి తీర్మానం అతనిపై మోపగలిగిన నిందలు మోపింది. ఆ నిందల్లో బాలరాజు హత్య లేదు. శత్రువుల చేతిలో అధికారం ఉన్న రోజున కూడా ఆ ఆరోపణ వెలువడలేదన్నది, నా అభిప్రాయంలో, స్వింతిలా పక్షాన చెప్పుకోదగిన బలమైన మాట.

అదే సభలోని 75వ తీర్మానం, రాజు మరణించాక ప్రభువులూ బిషప్పులూ కలిసి తరువాతి రాజును నిర్ణయించాలని, రాజుకు చేసిన ప్రమాణం తప్పినవారు మతబహిష్కృతులని ప్రకటించింది. 636లో జరిగిన ఐదవ సభ రాజుల సంతానానికి రక్షణ కల్పించే మాట కూడా చేర్చింది. ఇవి రెక్కారెడ్ మరణించిన పన్నెండు, పదిహేనేళ్ల తరువాతి నిబంధనలు. వాటిని 621కి అంటగట్టి, ‘చట్టప్రకారం ఎన్నిక జరగలేదు కాబట్టి బాలుడి పాలన చెల్లదు’ అని రాయడం కాలాన్ని తలకిందులు చేయడమే.

తండ్రికి ఎంత చోటు?

ఒక్క పేరా చాలు. సిసెబుట్ 612 నుంచి 621 వరకు పాలించాడు; బైజాంటైన్లపై విజయాలు సాధించాడు; గ్రహణాల గురించి లాటిన్‌లో పద్యం రాసిన అరుదైన రాజు; యూదులను బలవంతంగా క్రైస్తవంలోకి మార్చాడు, ఆ పనిని జ్ఞానం లేని ఉత్సాహమని ఇసిడోర్ విమర్శించాడు. ఇంతకు మించి రాయవలసింది అతని సొంత వ్యాసంలో రాయండి.

నాణేల దగ్గర జాగ్రత్త

విసిగోత్ రాజులు ట్రెమిస్సిస్ అనే చిన్న బంగారు నాణేలు ముద్రించేవారు. ఒక్కొక్కటి సాలిడస్ అనే రోమన్ బంగారు నాణెంలో మూడో వంతు, సుమారు గ్రామున్నర తూకం. వాటిపై రాజు పేరు, టంకశాల ఉన్న నగరం పేరు ఉంటాయి: టోలెడో, మెరిడా, సెవిల్లె, తర్రగోనా, సరగోసా వంటివి. అయితే నాణెం మీద వరుస సంఖ్య ఉండదు. కనుక రెక్కారెడ్ రాజు అని చెక్కిన నాణెం కనిపించగానే దాని బొమ్మను మన బాలుడి వ్యాసంలో పెట్టకూడదు. పదిహేనేళ్లు పాలించిన మొదటి రెక్కారెడ్ నాణేలు విరివిగా ఉన్నాయి. కొద్ది రోజుల పాలనలో కొత్త అచ్చులు చెక్కించి, నాణేలు కొట్టించి, చలామణిలోకి తేవడం ఎంతవరకు సాధ్యమో కూడా ఆలోచించాలి.

దీనికి సరిగ్గా తలకిందులైన ఉదాహరణ యూదిలా అనే మనిషి. 630 తరువాత మెరిడాలోనూ గ్రనాడా ప్రాంతంలోనూ రాజు అనే బిరుదుతో ఇతని పేర నాణేలు ముద్రితమయ్యాయి, కానీ ఏ గ్రంథమూ ఇతని పేరెత్తదు. ఒకడు గ్రంథంలో మాత్రమే ఉన్నాడు, మరొకడు బంగారంలో మాత్రమే ఉన్నాడు. ఆ శతాబ్దపు చరిత్రకు ఆధారాలు ఎంత చిల్లులుపడి ఉన్నాయో చెప్పడానికి ఈ జంటను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. చోటుంటే తప్పక వాడండి.

పొరుగువారి గ్రంథాల మౌనాన్ని కూడా ఇక్కడే ప్రస్తావించవచ్చు. ఫ్రెడెగర్ వృత్తాంతం సిసెబుట్ తరువాత నేరుగా స్వింతిలా వచ్చినట్టే చెబుతుంది. మధ్యలో బాలుడి ఊసు లేదు. కొద్ది రోజుల రాజు పిరనీస్ పర్వతాలు దాటి వార్త కాలేకపోయాడు.

రాసి చూపితే

ఇంతవరకు చెప్పినదాన్ని అమలుచేస్తే, పాలనను నేరుగా వర్ణించే భాగం దాదాపు ఇంతే ఉంటుంది:

“రెక్కారెడ్ విసిగోత్ రాజు సిసెబుట్ కుమారుడు. 621లో తండ్రి మరణించగా పసివయసులోనే రాజయ్యాడు. కొద్ది రోజులకే మరణించాడు. సమకాలికుడైన సెవిల్లె బిషప్ ఇసిడోర్ అతని మరణానికి కారణం చెప్పలేదు. వ్యాధి, అతిమోతాదు, విషం అనే భిన్నాభిప్రాయాలను ఆయన నమోదు చేసింది తండ్రి మరణం గురించి. రెక్కారెడ్ తరువాత సేనాని స్వింతిలా రాజయ్యాడు.”

దీని తరువాత వారసత్వం గురించిన చర్చ, అటుపై ఆధారాల పరిశీలన రావాలి. ముందు పెట్టిన ఈ ఆరు వాక్యాలను పొడిగించాలనిపించినప్పుడల్లా, చేర్చబోయే మాటకు ఇసిడోర్ వాక్యంలో చోటుందా అని చూసుకోండి. ముఖ్యంగా పట్టాభిషేక దృశ్యం జోలికి పోకండి. విసిగోత్ రాజుకు పవిత్ర తైలంతో అభిషేకం జరిగినట్టు స్పష్టమైన వర్ణన మొదటిసారి కనిపించేది 672లో, వాంబా రాజు విషయంలో. దాన్ని అర్ధ శతాబ్దం వెనక్కి లాగి ఒక పసివాడి నుదుటిపై తైలం పూయించడం కల్పన అవుతుంది.

బొమ్మ విషయంలోనూ ఇదే నియమం. గోతుల రాజుల చిత్రాలు, విగ్రహాలు ఇప్పుడు కనిపించేవి చాలావరకు శతాబ్దాల తరువాతి కళాకారుల ఊహలు. నాణేలపై ముఖం కూడా కొన్ని గీతల గుర్తే తప్ప పోలిక కాదు. వ్యాసానికి అలంకారంగా చాలామంది గ్వర్రసార్ నిధిలోని రత్నాల కిరీటం ఫొటో పెడతారు. 1858లో టోలెడో సమీపంలో బయటపడిన ఆ నిధిలోని ప్రసిద్ధ కిరీటం రెకెస్వింత్ రాజు పేర ఉన్నది, తలపై ధరించేది కూడా కాదు. చర్చిలో గొలుసులతో వేలాడదీసేందుకు సమర్పించిన కానుక. దాన్ని వాడాలనుకుంటే బొమ్మ కింద ఆ రాజు పేరు, ఏడో శతాబ్దపు రెండో సగం అన్న కాలం, సమర్పణ కిరీటం అన్న మాట మూడూ ఉండాలి. లేకపోతే ఐబీరియా ద్వీపకల్పపు పటం మీద టోలెడోను గుర్తించి, 621 నాటి రాజ్యపు ఎల్లలను, దక్షిణాన బైజాంటైన్ల చేతిలో మిగిలిన తీరపు ముక్కను వేరే రంగులో చూపే పటం పెట్టండి. ఈ వ్యాసానికి అది బాగా సరిపోతుంది.